తక్కువ అంచనా మనిషిని ఎక్కడ ఆపుతుంది?

ఏటా ఇంటర్ ఫలితాలు వెలువడిన వారంలో తెలుగు ఇళ్లలో రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. "మొదటినుంచీ అనుకున్నదేగా, వాడివల్ల అంతకన్నా ఏమవుతుంది" అన్నది ఒకటి. ఆ మాట విని ముడుచుకుపోయిన పిల్లవాడి భుజం తట్టి "లోకులు కాకులు, పట్టించుకోకు" అనేది రెండోది. మొదటి మాట ప్రకారం అంచనా అద్దం వంటిది, ఉన్నదాన్నే చూపిస్తుంది. రెండో మాట ప్రకారం అది మనసుకు తగిలే రాయి, పక్కకు తప్పుకుంటే చాలు. అరవై ఏళ్లకు పైగా మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగాలను వరుసగా చూస్తే, ఈ రెండు అభిప్రాయాల్లోనూ కొంత నిజం ఉందనీ, అయితే అసలు విషయం ఎక్కువగా ఈ రెండింటికీ బయటే జరుగుతుందనీ తెలుస్తుంది.

ఈ సంగతికి మన భాషలో ఎప్పటినుంచో ఒక పేరుంది: శల్య సారథ్యం. కర్ణుడికి సారథిగా కూర్చున్న శల్యుడు గుర్రాలను నడుపుతూనే, అర్జునుడి ముందు నువ్వెంత అంటూ అడుగడుగునా అతని ఉత్సాహాన్ని నీరుగార్చాడు. అలా చేయమని ధర్మరాజు ముందే అడిగి మాట తీసుకున్నాడు కూడా. అదే భారతం నుంచి వచ్చిన మరో నానుడి, కర్ణుడి చావుకు కారణాలు అనేకం అన్నది, ఈ వ్యాసానికి అంతే అవసరం. శాపాలు, దానంగా ఇచ్చేసిన కవచకుండలాలు, నేలలో దిగిన రథచక్రం ఇన్ని ఉండగా, శల్యుడి మాటల వాటా ఎంత? పరిశోధకులు అర్ధశతాబ్దంగా వాదించుకుంటున్నది దాదాపుగా ఈ ప్రశ్న గురించే.

అంచనా వేరు, ఆశ వేరు, గీత వేరు

వాడుకలో మనం కలిపేసే మూడు విషయాలను ముందుగా విడదీయాలి. అంచనా అంటే జరగబోయేదాని గురించిన లెక్క: "ఈ అమ్మాయికి అరవై మార్కులు వస్తాయి." ఆశ అంటే జరగాలని కోరుకునేది: "ఈ అమ్మాయికి తొంభై రావాలి." గీత అంటే దాటితేనే ఒప్పుకుంటామని మనం పెట్టే హద్దు: "డెబ్భై వస్తేనే పై తరగతిలో ఈ గ్రూపు ఇస్తాం." కూతురి మీద కొండంత ఆశ ఉన్న తండ్రికే ఆమె శక్తి మీద చాలా తక్కువ అంచనా ఉండవచ్చు. అంచనా తక్కువైన మేష్టారు జాలితో గీతను కిందికి దించవచ్చు, లేదా ఎలాగూ దాటలేదని దాన్ని మరింత పైకి జరపవచ్చు. ఇక్కడ చర్చ ప్రధానంగా అంచనా గురించి.

ఎదుటివారి తక్కువ అంచనా వల్ల పనితనం తగ్గడాన్ని పరిశోధకులు "గోలెం ప్రభావం" అంటారు. యూదుల పురాగాథల్లో మట్టితో చేసిన ఒక బొమ్మ మనిషి పేరది. దీనికి ఎదురుగా, ఎక్కువ అంచనా వల్ల పనితనం పెరగడం "పిగ్మాలియన్ ప్రభావం." బీఎడ్, డీఎస్సీ పరీక్షలకు చదివినవారికి ఈ రెండో పేరు పరిచయమే.

పరువు లేని ఎలుకలు

1948లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్, తనను తాను నిజం చేసుకునే జోస్యం అనే భావనను వివరించడానికి ఒక బ్యాంకును ఉదాహరణగా తీసుకున్నారు. నిక్షేపంగా నడుస్తున్న బ్యాంకు దివాలా తీయబోతోందని పుకారు పుడుతుంది. డిపాజిటర్లందరూ ఒకేసారి వచ్చి సొమ్ము అడుగుతారు. బ్యాంకు నిజంగానే మునుగుతుంది. పుకారు పుట్టిన రోజున అబద్ధం, మర్నాటికి నిజం.

మనుషుల పనితనం విషయంలో దీన్ని ప్రయోగశాలకు తెచ్చినవారు రాబర్ట్ రోసెంతాల్. 1963లో కెర్మిట్ ఫోడ్‌తో కలిసి ఆయన ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులకు ఎలుకలను ఇచ్చి చిక్కుదారుల్లో పరుగెత్తడం నేర్పమన్నారు. కొందరికి మీవి చురుకైన జాతి ఎలుకలని, మిగిలినవారికి మీవి మందబుద్ధి జాతివని చెప్పారు. నిజానికి అన్నీ మామూలు ఎలుకలే, పేర్లు మాత్రం ఇష్టమొచ్చినట్టు పెట్టినవి. అయినా చురుకైనవని పేరుపడ్డ ఎలుకలు మెరుగ్గా నేర్చుకున్నాయి. ఆ ఎలుకలు దొరికిన విద్యార్థులు వాటిని ఎక్కువసార్లు చేతిలోకి తీసుకున్నట్టు, మృదువుగా పట్టుకున్నట్టు తేలింది.

తర్వాత ఇంతకంటే పెద్ద ప్రయోగాలు ఎన్ని వచ్చినా, నా దృష్టిలో ఈ విషయానికి కీలకం ఈ ఎలుకల దగ్గరే ఉంది. తన గురించి ఎవరేమనుకుంటున్నారో ఎలుకకు తెలియదు. దానికి పరువు లేదు, అవమానం లేదు, ఆత్మవిశ్వాసం అంతకన్నా లేదు. "పట్టించుకోకు" అన్న సలహా ఇవ్వడానికి అక్కడ ఎవరూ లేరు. అయినా తక్కువ అంచనా పనిచేసింది, ఎందుకంటే అది నడిచింది పట్టుకున్న చేతిలో.

తరగతి గదిలో ఆ చేయి ఎలా కదులుతుంది

రోసెంతాల్, ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు లెనోర్ జాకబ్సన్‌తో కలిసి సౌత్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆమె పాఠశాలలో చేసిన ప్రయోగ ఫలితాలు 1968లో పుస్తకంగా వచ్చాయి. పిల్లలకు ఒక పరీక్ష పెట్టి, ఈ ఏడాది వీరు ఒక్కసారిగా వికసించబోతున్నారంటూ సుమారు ఐదో వంతు పిల్లల పేర్లు ఉపాధ్యాయులకు ఇచ్చారు. ఆ పేర్లు పరీక్షను బట్టి కాక చీటీలు తీసినట్టుగా ఎంచినవి. ఏడాది చివర్లో ఒకటో తరగతిలో ఆ జాబితా పిల్లల ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) సగటున 27 పాయింట్లు, మిగిలిన పిల్లలది 12 పాయింట్లు పెరిగింది. రెండో తరగతిలోనూ స్పష్టమైన తేడా ఉంది. పై తరగతుల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. వార్తల్లో ప్రచారమైంది మొదటి రెండు వాక్యాల సమాచారం. మూడో వాక్యం వెనకబడిపోయింది.

అంచనా పిల్లవాడిదాకా నాలుగు దారుల్లో చేరుతుందని రోసెంతాల్ తర్వాత వివరించారు: మాటలోనూ చూపులోనూ ఉండే ఆదరణ, నేర్పే పాఠం పరిమాణం, జవాబు చెప్పడానికి ఇచ్చే అవకాశం, చెప్పిన జవాబు మీద ఇచ్చే స్పందన. 1970లో జెరె బ్రోఫీ, థామస్ గుడ్ ఒకటో తరగతి గదుల్లో కూర్చుని గమనించినప్పుడు, మంచి అంచనా ఉన్న పిల్లలు తడబడితే ఉపాధ్యాయులు ప్రశ్నను మళ్లీ అడగడమో చిన్న ఆధారం అందించడమో ఎక్కువగా చేస్తున్నట్టు, తక్కువ అంచనా ఉన్నవారి దగ్గర త్వరగా వదిలేస్తున్నట్టు కనిపించింది.

దీన్ని మన తరగతిలోకి తెచ్చి ఊహించుకుందాం. సమాకలనం లెక్క చేయమని మేష్టారు ఇద్దరిని బోర్డు దగ్గరకు పిలిచారు. ఇద్దరూ ఒకే మెట్టు దగ్గర ఆగిపోయారు. మొదటివాడితో "మళ్లీ చూడు, ప్రతిక్షేపణ ఏం తీసుకున్నావు?" అని ఆగారు. రెండోవాడితో "పర్లేదులే, కూర్చో" అన్నారు. రెండోవాడిని ఎవరూ తిట్టలేదు. పైగా నలుగురిలో సిగ్గుపడకుండా కాపాడినట్టే లెక్క. తక్కువ అంచనా చాలాసార్లు ఇలా దయ రూపంలోనే వస్తుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టడం కష్టం. మొదటివాడికి రోజుకు ఒక్క నిమిషం అదనంగా దక్కిందనుకుంటే 200 పనిదినాలకు 200 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాల శిక్షణ. మొదటివాడికి అది తన తెలివిగా కనబడుతుంది, రెండోవాడికి తన లోపంగా.

మార్కుల ప్రకారం విద్యార్థులను సెక్షన్లుగా విడగొట్టి, అనుభవజ్ఞులైన లెక్చరర్లను పై సెక్షన్లకు కేటాయించే జూనియర్ కళాశాలల్లో ఈ నాలుగు దారులూ టైంటేబుల్‌లోనే అచ్చయి ఉంటాయి. ఒక్కొక్క సెక్షన్‌కు దాని స్థాయికి తగిన వేగంలో పాఠం చెప్పవచ్చనే వాదనలో న్యాయం లేకపోలేదు. చదవడం ఏ స్థాయిలో ఉన్నారో చూసి పిల్లలను జట్లుగా చేసి నేర్పడం వల్ల ప్రాథమిక పాఠశాలల్లో మేలు జరిగిన సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. అయితే అక్కడ వెనకబడినవారికి అదనంగా ఇస్తారు. ఇక్కడ చాలాచోట్ల వారి నుంచే తీసేస్తారు.

ఇంతకీ ప్రభావం ఎంత?

1968 నాటి ఫలితాల మీద దాడి వెంటనే మొదలైంది. విద్యా మాపన నిపుణుడు రాబర్ట్ థార్న్‌డైక్, చిన్న తరగతుల పిల్లలకు వాడిన పరీక్ష నమ్మదగినది కాదని, మొదట నమోదైన కొన్ని స్కోర్లు బడికి నడిచి వచ్చే పిల్లలకు అసాధ్యమైనంత తక్కువగా ఉన్నాయని ఎత్తిచూపారు. 1984లో స్టీఫెన్ రాడెన్‌బుష్ ఇలాంటి 18 ప్రయోగాలను కలిపి చూశారు. ఉపాధ్యాయుడికి ఆ పిల్లలతో రెండు వారాలకు మించి పరిచయం ఉన్నాక కృత్రిమ అంచనాలు అందించిన ప్రయోగాల్లో ప్రభావం దాదాపు సున్నా. పరిచయం లేనిచోటే అది బలంగా ఉంది. స్వయంగా చూసి తెలుసుకున్నాక ఎవరో ఇచ్చిన చీటీకి విలువ తగ్గుతుందన్నమాట.

2005లో లీ జస్సిమ్, కెంట్ హార్బర్ అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నింటినీ తిరగేసి మూడు మాటలు చెప్పారు. ఉపాధ్యాయుల అంచనాలు ఫలితాలతో సరిపోలడానికి ముఖ్య కారణం ఆ అంచనాలు చాలావరకు సరైనవే కావడం. అంచనాయే ఫలితాన్ని సృష్టించడం నిజమే కానీ, దాని పరిమాణం సాధారణంగా 0.1 నుంచి 0.2 దాకా. ఆ ప్రభావం ఏళ్లు గడిచేకొద్దీ పోగుపడటం కంటే పలచబడటమే ఎక్కువ.

ఆ దశాంశాలకు అర్థం ఏమిటి? ఒక తరగతిలో మార్కుల ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి మార్కులు మామూలుగా ఎంత దూరం చెదిరి ఉంటాయో చెప్పే కొలత, 15 అనుకుందాం. సమాన శక్తి గల ఇద్దరిలో ఒకరి మీద మేష్టారి అంచనా ఒక విచలనం మేరకు తక్కువగా ఉంటే, ఆ విద్యార్థి ఫలితం 15లో పదో వంతు నుంచి ఐదో వంతు, అంటే ఒకటిన్నర నుంచి మూడు మార్కులు తగ్గుతుంది. నూటికి ఎనభై తెచ్చుకోగలిగినవాడు డెబ్భై ఏడు, డెబ్భై ఎనిమిది దగ్గర ఆగుతాడు. జీవితాన్ని తలకిందులు చేసే తేడా కాదు. కానీ సీటు కటాఫ్ 78 దగ్గర ఉంటే ఆ తేడాయే తలుపు అవతలా ఇవతలా అవుతుంది. అందుకే "తక్కువ అంచనా బతుకులు నాశనం చేస్తుంది" అనేవారికీ, "అదంతా భ్రమ" అనేవారికీ ఒకే అంకె ఆధారంగా కనబడుతుంది.

ఇది సగటు సంగతి. సమాజంలో ముందునుంచే చిన్నచూపుకు గురైన వర్గాల పిల్లల మీద ప్రభావం ఇంతకన్నా బలంగా ఉండవచ్చని అదే సమీక్ష ఒప్పుకుంది. మన దేశానికి సంబంధించినంతవరకు చర్చ ఇక్కడే బరువెక్కుతుంది.

కులం పేరు పైకి చదివినప్పుడు

ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల బాలుర చేత కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు చేయించారు. అగ్రకులాలవారు 321 మంది, నిమ్నకులాలుగా పరిగణించబడేవారు 321 మంది. సరిగ్గా పూర్తి చేసిన పజిళ్లను బట్టి డబ్బు ఇచ్చారు. కులం ప్రస్తావన లేని బృందాల్లో రెండు వర్గాల మధ్య తేడా కనబడలేదు. కొన్ని మిశ్రమ బృందాల్లో మాత్రం పని మొదలయ్యే ముందు ప్రతి బాలుడి పేరు, ఊరు, తండ్రి, తాత పేర్లు, కులం అందరి ముందు చదివి, అవునా అని అడిగి తల ఊపించారు. అక్కడ నిమ్నకులాల బాలుర పనితనం సుమారు ఐదో వంతు పడిపోయింది. పజిళ్లు అవే, వయసు అదే. మారింది ఆ చదివిన వరుస మాత్రమే.

ఈ ఫలితాన్ని అమెరికాలో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ 1995లో ప్రతిపాదించిన "మూసముద్ర భయం" (తన వర్గం మీద ఉన్న చిన్నచూపు తనవల్ల నిజమవుతుందేమోనన్న భయం) కిందికి తెచ్చి, బాలురు భయంతో తడబడ్డారని చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ హాఫ్, పాండే ఇంకొక మార్పు చేసి చూశారు. ఎవరికి డబ్బు దక్కాలన్న విషయంలో మనిషి నిర్ణయం పక్కకు తప్పుకుని లాటరీ వచ్చిచేరినప్పుడు కులాల మధ్య తేడా మాయమైంది. బాలుర ఆత్మవిశ్వాసమే దెబ్బతిని ఉంటే లాటరీ దాన్ని తిరిగి తెచ్చి ఉండకూడదు. వారికి లేకుండా పోయింది, చేసిన పనికి న్యాయంగా ప్రతిఫలం ఇస్తారన్న నమ్మకం అని పరిశోధకులు వ్యాఖ్యానించారు. ఎంత చేసినా అంతే అనిపించినచోట శ్రమ తగ్గించుకోవడం బలహీనత కాదు, అనుభవం నేర్పిన లెక్క.

మూసముద్ర భయం సిద్ధాంతం గురించి ఒక హెచ్చరిక కూడా అవసరం. తొలి ప్రయోగాల్లో చాలావాటిలో పాల్గొన్నవారి సంఖ్య చిన్నది. 2018లో నెదర్లాండ్స్‌లో రెండు వేలకు పైగా ఉన్నత పాఠశాల విద్యార్థులతో, బాలికల గణిత ఫలితాల మీద ఈ భయం ప్రభావాన్ని పరీక్షిస్తే ఏమీ కనబడలేదు. పరీక్ష గదిలో ఒక్క వాక్యం వినిపించగానే మార్కులు కూలిపోతాయన్న ప్రచారానికి ఇప్పుడు మునుపటి బలం లేదు. తరతరాల అనుభవంతో ముడిపడిన కుల ప్రకటనకూ, ప్రశ్నపత్రం పైన అచ్చువేసిన ఒక వాక్యానికీ బరువు ఒకటే కాదని కూడా దీన్నుంచి అర్థం చేసుకోవచ్చు.

దిద్దే పెన్నులో ఉన్న అంచనా

ఇంతవరకు చూసినవన్నీ పనితనం నిజంగా తగ్గిన సందర్భాలు. పని బాగానే ఉండి, విలువ కట్టడంలోనే కోత పడేది మరో రకం. రేమా హన్నా, లీ లిండెన్ భారతదేశంలో చేసి 2012లో ప్రచురించిన ప్రయోగంలో పిల్లల జవాబు పత్రాల ముందు కాగితం మీద వయసు, బాలుడా బాలికా, కులం అన్న వివరాలను చీటీ వేసినట్టుగా మార్చి ఉపాధ్యాయుల చేత దిద్దించారు. తక్కువ కులం అని రాసి ఉన్న పత్రాలకు 0.03 నుంచి 0.08 విచలనం మేర తక్కువ మార్కులు పడ్డాయి. చిన్న అంకెలే. కట్టలో మొదట దిద్దిన పత్రాల్లోనే ఈ వివక్ష కేంద్రీకృతమై, దిద్దేవారికి చేయి తిరిగేకొద్దీ సన్నగిల్లడం గమనార్హం. ఏది మంచి జవాబో తేల్చుకోని దశలో దిద్దేవారు పైకాగితం మీది వివరాన్ని ఆసరా చేసుకున్నారన్నమాట.

పబ్లిక్ పరీక్షల్లో పేరు కనబడకుండా కోడ్ నంబరు మీద దిద్దించడం ఈ దారిని మూసే ఏర్పాటు. ఇంటర్నల్ మార్కులకు, మౌఖిక పరీక్షలకు, ఉద్యోగాల్లో ఏటా జరిగే పనితీరు మదింపుకు ఆ ముసుగు లేదు.

కసి పుట్టేది ఎవరి మాటకు?

తక్కువ అంచనా కొందరిలో పట్టుదల పెంచుతుందన్నది మన అనుభవంలో ఉన్నదే. సమీర్ నుర్మొహమ్మద్ 2020లో ప్రచురించిన అధ్యయనాలు దీన్ని సమర్థిస్తూనే ఒక షరతు చేర్చాయి. అంచనా వేసినవారికి ఆ విషయంలో పెద్దగా తెలియదని అనిపించినప్పుడు, వారి మాట అబద్ధమని నిరూపించాలన్న కోరిక పనితనాన్ని పెంచింది. విషయం తెలిసినవారే తక్కువగా చూసినప్పుడు ఆ ఊపు రాలేదు. "నీకు ఐఐటీ ఏమిటే" అని పక్కింటి పిన్నిగారంటే పుట్టే కసి, అదే మాట రెండేళ్లు లెక్కలు చెప్పిన సార్ అంటే పుట్టకపోవడానికి కారణం ఇదే కావచ్చు. పిన్నిగారి చేతిలో ఏ దారీ లేదు, ఆవిడ మాట వట్టి మాటే. సార్ చేతిలో బోర్డు దగ్గరి నిమిషం ఉంది.

పూర్ణ, శ్రీకాంత్ కథల్లో కనబడనిది

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి రాష్ట్ర విభజనకు ఇంకా వారం ఉంది. వ్యవసాయ కూలీల కూతురు, గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఈ కథను "లోకం అంచనాను ధిక్కరించిన ధీర" అని చెప్పడం సులువు, అందులో అబద్ధమూ లేదు. కానీ భువనగిరి గుట్ట మీద మొదలై డార్జిలింగ్, లడఖ్‌ల దాకా సాగిన శిక్షణ, గురుకుల సంస్థ తీసుకున్న నిర్ణయం, శిక్షకుడు శేఖర్‌బాబు, తోడుగా శిఖరం చేరిన ఖమ్మం ప్రాంతపు బాలుడు ఆనంద్‌కుమార్ లేకుండా ఆ కథ లేదు. ఎలుకల ప్రయోగంలోని చేయి ఇక్కడ ఒక సంస్థ రూపంలో మృదువుగా పట్టుకుంది.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టుకతో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ మరో కోణం. పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు చదవాలంటే చూపు లేనివారికి అది కుదరదన్నారు. అక్కడ అడ్డుపడింది నిబంధనగా మారిన అంచనా. ఆత్మవిశ్వాసం ఎంత ఉన్నా నిబంధన కదలదు కాబట్టి ఆయన కోర్టుకు వెళ్లారు. అనుమతి వచ్చాక పాఠాలను ఆడియోలో వింటూ ఇంటర్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకుని, తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివి, హైదరాబాద్ కేంద్రంగా పరిశ్రమ పెట్టారు. ఆ 98 శాతం సాధించే శక్తి కోర్టు తీర్పుకు ముందు కూడా ఆయనలో ఉంది. అయితే అది బయటపడటానికి ఒక పరీక్ష గదిలో ప్రవేశం కావలసి వచ్చింది. అదే నిబంధన దగ్గర వెనుదిరిగినవారెవరో, వారు ఎన్ని మార్కులు తెచ్చుకునేవారో మనకు తెలిసే దారి లేదు. గెలిచినవారి కథలనుంచి మాత్రమే సూత్రాలు తీయడంలో ఉన్న చిక్కు అదే.

అంచనాను మార్చిన ఒక కుర్చీ

ఒక ప్రాంతమంతటా అంచనాలు మారిన సందర్భాన్ని కొలవడం అరుదు. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో అది సాధ్యమైంది. అక్కడ ఏ పంచాయతీలో ప్రధాన్ పదవి మహిళకు రిజర్వు కావాలన్నది చీటీ వేసినట్టుగానే నిర్ణయమయ్యేది. లోరి బీమన్, ఎస్తేర్ డుఫ్లో, రోహిణి పాండే, పెటియా టోపలోవా 495 గ్రామాల్లో సర్వే చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. కొడుకుల చదువుసంధ్యల గురించి, కూతుళ్ల చదువుసంధ్యల గురించి తల్లిదండ్రులు కోరుకునేదానిలో ఉన్న తేడా, వరుసగా రెండు దఫాలు మహిళ ప్రధాన్‌గా ఉన్న గ్రామాల్లో, ఎన్నడూ రిజర్వు కాని గ్రామాలతో పోలిస్తే 25 శాతం తగ్గింది. యుక్తవయసు పిల్లల సొంత ఆకాంక్షల్లో ఆ తేడా 32 శాతం తగ్గింది. చదువులో అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య ఉన్న అంతరం చెరిగిపోయింది.

ఆ గ్రామాల్లో యువతులకు ఉద్యోగావకాశాలు పెరిగిన దాఖలా లేదు కాబట్టి, కళ్లెదుట ఒక మహిళను ఆ కుర్చీలో చూడటమే ప్రధాన కారణమని పరిశోధకులు భావించారు. అంటే మనసు దారి కూడా నిజమే. సర్వేలో మరొక చిన్న అంకె కూడా ఉంది, దాన్ని గురించి చెప్పుకున్నవారు తక్కువ. ఆ గ్రామాల్లో అమ్మాయిలు గిన్నెలు తోమడం, నీళ్లు మోయడం వంటి ఇంటిపనికి వెచ్చించే సమయం తగ్గింది.